వంకర పోగులు

నేతగాడు మగ్గం మీద నూలు చుట్టిన నాడెను అడ్డంగా విసిరి, దువ్వెనలాంటి అచ్చును దగ్గరికి లాగి పోగును బిగించాడు. ఇంకో బెత్తెడు నేస్తే శాలువా అయిపోతుంది. ఏటి ఒడ్డున గుళ్ళు చూడటానికి వచ్చినవాళ్ళంతా చివరికి ఈ శాలువాల కొట్లోకే వచ్చి పడతారు. వాళ్ళకు కనబడాలనే కొట్టు యజమాని మగ్గాన్ని వీధివైపు పెట్టించాడు. చూసి పోతే బాగుండును, కూర్చుని నేస్తామంటారు.

"ఇది మీ ఆవిడకి ఉంచెయ్" అని మొన్న యజమాని నోరు జారి మాటిచ్చేశాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఊళ్ళవాళ్ళ భుజాలకు నేయడమే గానీ, ఇంటిదాని భుజాన తన నేత పడింది లేదు. ఇప్పుడామె మంచం పట్టింది. మిట్టమధ్యాహ్నం కూడా చలి అంటోంది.

బస్సు దిగిన ఒకావిడ మగ్గం ముందు కూర్చుంది. భర్త ఫోటోలు తీస్తుంటే నవ్వుతూ నాడె విసిరింది. పోగులు కొన్ని వదులై, కొన్ని బిగిసి, తోచిన దారిన పోయాయి.

"బాగా వచ్చిందా తాతా?"

"బ్రహ్మాండంగా వచ్చిందమ్మా" అన్నాడు. లోపల ప్రాణం ఉసూరుమంది.

ఆవిడ లేచేసరికి నేతగాడి కూతురు కొట్టు గుమ్మంలో ఉంది.

"నాన్నా, అమ్మకి ఆయాసం ఎక్కువైంది. శాలువా ఎలా ఉన్నా సరే తెచ్చెయ్యమంటోంది."

"ఈ వంకర తీసేసి, అంచు కట్టి తెస్తా. నువ్వు పద."

"వంకరుంటే ఎవరు చూడొచ్చారు నాన్నా?"

అతను ఆమెను పంపేసి మగ్గం ముందు కూర్చున్నాడు. ఉన్నది ఉన్నట్టు కోసి తీసుకుపోదామంటే కత్తెర పక్కనే ఉంది. చెయ్యి రాలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకే ఒక్క తప్పు పోనివ్వని మనిషి, పెళ్ళానికి వంకర గుడ్డ కప్పుతాడా? ఒక్కో పోగే వెనక్కి లాగాడు. చిక్కు పడింది. బస్సు దిగినావిడను, యజమానిని, చివరికి తన చేతులను తిట్టుకున్నాడు. విప్పినంత మేరా మళ్ళీ నేసి, మిగిలిన బెత్తెడూ పూర్తి చేశాడు.

ఎండ ఏటి అవతలికి దిగిపోతుంటే శాలువా చంకన పెట్టుకుని, గట్టు మీద పరుగులాంటి నడకతో ఇల్లు చేరాడు. వాకిట్లో ఇరుగుపొరుగు నిలబడి ఉన్నారు.

"నిద్రలోనే పోయింది నాన్నా" అంది కూతురు. "నీకు చెప్పడానికే బయల్దేరుతున్నా."

అతను శాలువా విప్పి ఆమెకు మెడదాకా కప్పాడు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. అందుకే తన మీద తనకే అసహ్యం వేసింది. తల సర్దబోతే తలగడ కింద చేతికేదో తగిలింది. శాలువా భుజం మీంచి జారకుండా పెట్టుకోవడానికి ఆమె తెప్పించుకున్న కొత్త పిన్నీసు, ఇంకా కొట్టువాడి కాగితానికే గుచ్చి ఉంది.