ముందు కారు, వెనక తొట్టి

నేను ఒక పికప్పు బండిని. ముందు సగం కారు, వెనక సగం పైకప్పు లేని తొట్టి. పుట్టింది కార్ల కర్మాగారంలోనే. ఇంజను కారుదే, చక్రాలు కారువే, నన్ను లాగేవి కూడా ముందు చక్రాలే. లారీ నుంచి నాకు దక్కింది వాలకం ఒక్కటే. మనుషులు ఆ వాలకాన్నే నమ్ముతారని అప్పటికి నాకు తెలియదు.

నన్ను కొన్నది విశాఖ శివార్లలో, మధురవాడలో కాపురముండే ఇందుమతి. ఇంజనీరింగు కాలేజీలో ల్యాబు టెక్నీషియను. నిజానికి ముచ్చట ఆమె భర్త జోగారావుది. "వారమంతా కారు, ఆదివారం లారీ. ఒక్క బండితో రెండు పనులు" అని షోరూములో ఆమెను ఒప్పించాడు. ఆయనకు డ్రైవింగు రాదు.

అపార్టుమెంటు కింద రెండు స్తంభాల మధ్య నన్ను పెడితే తోక మూరెడు బయటకి ఉండేది. రోజూ ఎవరో ఒకరు దానికి మోకాలు గుద్దుకుని ఇందుమతిని తిట్టుకునేవారు. వెనక సీటు బల్లలా నిటారుగా ఉంటుంది. అందులో కూర్చున్న అత్తగారు అప్పలనరసమ్మ గుడికి వెళ్లొచ్చేసరికి నడుము పట్టుకుని దిగేది. బజారు సంచులు తొట్టిలో అటూ ఇటూ దొర్లి టమాటాలు నలిగిపోయేవి. వానొస్తే బియ్యం తడిసేవి.

ఇవన్నీ ఇందుమతి ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒకటే. బండి ఉంది కదా అని చుట్టాలంతా ఫోన్లు చేసేవారు. ఒకరి బీరువా, ఒకరి మంచం, ఇంకొకరి ఇసుక బస్తాలు. కాదనడం ఆమెకు చేతకాదు. సరేనని ఫోను పెట్టేసి, స్టీరింగు మీద తల ఆనించి కాసేపు కూర్చునేది.

ఆ ఆదివారం పిలిచింది ఆడపడుచు భర్త బంగార్రాజు. కొండ మీది కొత్త లేఅవుటులో ఇల్లు కట్టుకుంటున్నాడు. మెట్లకు గ్రానైటు పలకలు తీసుకెళ్లాలి. పొద్దున్నుంచి సన్నగా జల్లు పడుతోంది. కూలీలు పలకలు పేరుస్తుంటే నా వెనక భాగం చక్రాల మీదికి కుంగిపోయింది. ఆ మేరకు నా ముక్కు పైకి లేచింది. ఇందుమతి తలుపు తెరిచి, దాని అంచున అంటించిన కాగితం చదివింది.

"అన్నయ్యగారూ, ఐదు వందల కేజీలే అని రాసుంది. రెండు ట్రిప్పులు వేద్దాం."

"ఓలమ్మా! కంపెనీవోళ్లు బయపడి అలగే రాస్తారు చెల్లెమ్మా. ఇదేటి, ఉట్టి కారేటి?" అన్నాడు బంగార్రాజు. జోగారావు నవ్వాడు.

ఇందుమతి స్టీరింగు ముందు కూర్చుంది. బంగార్రాజు తొట్టిలోకి ఎక్కి క్యాబినుకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఇల్లు చూస్తానని వచ్చిన అప్పలనరసమ్మ వెనక సీట్లో, జోగారావు ముందు. బయలుదేరాం.

కొండ ఎక్కే రోడ్డు మొదటి మలుపులోనే నా ముందు చక్రాలు తేలికైపోయాయి. స్టీరింగు తిప్పితే నేను సగమే తిరిగాను. రెండో మలుపు దగ్గర చక్రాలు తడి రోడ్డు మీద గిర్రున తిరిగాయి గాని నేను కదల్లేదు. రబ్బరు కాలిన వాసన వచ్చింది. ఒక క్షణం ఆగాను. తర్వాత వెనక్కి జారడం మొదలుపెట్టాను.

"బ్రేకు! బ్రేకు కొట్టు!" అని జోగారావు అరిచాడు.

ఆమె ఎప్పుడో తొక్కింది. చేతి బ్రేకూ లాగింది. నా వెనక బ్రేకులు అంత బరువు కోసం చేసినవి కావు. జారడం కాస్త నెమ్మదించింది గాని ఆగలేదు. అద్దంలో ఇందుమతికి వెనకే కొండెక్కి వస్తున్న ఆటో ఒకటి కనిపించింది. నిండా మనుషులు. కుడివైపు లోయ. ఎడమవైపు, ఆటోకు పది గజాల ముందు, కొండను తొలిచి వదిలేసిన మట్టి గట్టు.

ఆమె హారను మీద అరచెయ్యి నొక్కిపెట్టింది. ఆటోవాడు వెనక్కి తీయడానికి తంటాలు పడుతున్నాడు.

"అన్నయ్యగారూ, దూకకండి! క్యాబిను పట్టుకోండి!"

అద్దం మీంచి చూపు మళ్లించకుండా స్టీరింగు తిప్పింది. ముందు చక్రాలు వినవేమోనని నాకే భయమేసింది. విన్నాయి. నా తోక ఎడమకు తిరిగి గట్టులోకి దిగబడింది. తొట్టి తలుపు ఊడింది. పలకలు ఒకదాని మీద ఒకటి జారి రోడ్డు మీద ముక్కలయ్యాయి. ఒక ముక్క ఆటో ముందు చక్రం దాకా దొర్లి ఆగింది.

బంగార్రాజు రెండు చేతులతో క్యాబినును కావలించుకుని అలాగే ఉండిపోయాడు. మోకాలు చీరుకుపోయింది. ఎంత పిలిచినా కిందికి దిగడు. చివరికి ఆటోవాళ్లే దింపారు.

అప్పలనరసమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "నీ వల్లే మా పానాలు నిలబడ్డాయే" అని ఏడ్చింది.

"లేదత్తయ్యా," అంది ఇందుమతి. "కాగితం చదివిందీ నేనే, తాళం తిప్పిందీ నేనే."

నెల తిరిగేసరికి నన్ను అమ్మకానికి పెట్టారు. కొత్త తలుపు బిగించి రంగు వేయించారు. "దెబ్బ ఎక్కడా కనిపించట్లేదు. నువ్వేం మాట్లాడకు" అని జోగారావు భార్యను హెచ్చరించాడు. చూడటానికి వచ్చింది ఆనందపురంలో నర్సరీ నడిపే ఎర్నమ్మ. తొట్టిని చేత్తో కొట్టి చూసింది, మురిసిపోయింది. జోగారావు కబుర్లు చెబుతూనే ఉన్నాడు.

ఇందుమతి ఆయన మాటకు అడ్డం వచ్చింది. కొండ రోడ్డు సంగతంతా చెప్పింది. ఏ మలుపులో జారిందో, ఎంత బరువు వేశారో, తలుపు ఎందుకు కొత్తదో. జోగారావు మొహం కందగడ్డలా ఎర్రబడింది.

ఎర్నమ్మ నా కొత్త తలుపును ఒకసారి తెరిచి మూసింది. "పూలమొక్కలకైతేనో?"

"ఎన్నైనా వేసుకోండి. మట్టి కుండీలైతే మాత్రం లెక్క చూసుకోవాలి."

"మరి నాకెందుకు సెప్పేసినావమ్మా? నాను బండొగ్గేసి ఎలిపోతే?"

"వెళ్లిపోతే వెళ్లిపోండి," అంది ఇందుమతి. "మీరూ మొక్కలు వేసుకుని ఏదో ఒక రోజు కొండ ఎక్కాలి కదా."

ఎర్నమ్మ తాళాల కోసం చెయ్యి చాపింది.