ఎదురుకొట్టాయన పేరు

మా ఊళ్ళో ఆ పేరున్నవాడు మొదట ఒక్కడే. మా నాన్న కొట్టుకి ఎదురుగా ఇంకో కుట్టుకొట్టు పెట్టిన ఆయన. నేను పుట్టాక ఇద్దరమయ్యాం. ఇప్పుడు ముగ్గురం. పిలిస్తే ముగ్గురమూ తలెత్తుతాం కాబట్టి ఆ పేరు ఇక్కడ రాయను.

ఎదురుకొట్టాయన, నాన్న ఒకప్పుడు ఒకే కొట్టులో పక్కపక్క మిషన్ల మీద కుట్టేవాళ్ళు. నాన్న జ్వరంతో ఇంట్లో పడివున్న వారంలో ఆయన కొలతల పుస్తకం పట్టుకుపోయి ఎదురుగా సొంత కొట్టు తెరిచాడు. పద్నాలుగేళ్ళ పుస్తకం అది. ఎవరి నడుమెంత, ఎవరికి ఎడమ భుజం కాస్త వాలు, అన్నీ అందులోనే. పుస్తకం ఎటు పోతే జనం అటే పోయారు. నాన్న తగువుకి వెళ్తే, "టేపు పట్టింది నేను, రాసింది నేను. నీదెలా అవుతుంది?" అన్నాడట. నాన్న నోరు మూతపడింది. నెల తిరక్కుండా నేను పుట్టాను. నాన్నకి మళ్ళీ నోరొచ్చింది.

"పసివాడికి ఆ దరిద్రుడి పేరేంటి?" అని అమ్మ మొత్తుకుందట.

"నా కొడుకుని నేను తిట్టుకుంటే ఎవడాపుతాడే?" అన్నాడట నాన్న.

ఎవడూ ఆపలేదు. పొద్దున్నే కొట్టు తలుపు తీయడం, గుమ్మంలో నిలబడి గొంతెత్తడం. "ఒరేయ్ దొంగవెధవా!" వెనకాలే నా పేరు. "విశ్వాసం లేని వెధవా!" మళ్ళీ నా పేరు. గుండీ దొర్లిపోయినా అంతే, ఏమీ చేయకుండా మూల కూర్చున్నా అంతే. వీధంతా నవ్వేది. ఎదురుగా ఆయన తల వంచుకుని మిషను తొక్కేవాడు. ఒక్కసారి మాత్రం వీధి దాటి వచ్చి, "ఇదేం బాలేదు," అన్నాడు. "మావాణ్ణి నేను అనుకుంటున్నా. నీకెక్కడ గుచ్చుకుంది?" అన్నాడు నాన్న. ఆ పూట నాన్న ముఖం వెలిగిపోయింది. నాన్న అంత సంతోషంగా నా వైపు ఎప్పుడూ చూడలేదు.

ఇంటిపేరు ముందు, పేరు వెనక వస్తుంది కదా. దొంగవెధవ మా ఇంటిపేరనుకున్నాను. బళ్ళో మాస్టారు ముందేమీ తగిలించకుండా నా పేరు చదివితే, ఆ పేరుతో ఇంకెవరో ఉన్నారనుకుని పలకలేదు. దానికీ ఒక దెబ్బ తిన్నాను.

ఊహ తెలిశాక కడుపు రగిలిపోయింది. గురి ఎదురుకొట్టాయనకి, దెబ్బలు నాకు. ఆయనకి నాలుగేళ్ళలో తోలు మందమైంది, నాకు కాలేదు. అయినా నాన్న దగ్గరే పని నేర్చుకుని, ఖాళీ అయిన ఆ పక్క మిషను మీదే కూర్చుని, పళ్ళ బిగువున ఓర్చుకున్నాను. ఒక్కటే పంతం. ఆ నోటితోనే, ఆ పేరుని, ఒక్కసారి ముద్దుగా అనిపించాలి. బతిమాలి కాదు, మెడలు వంచి.

నాకు కొడుకు పుట్టాడు. వాడికి తాత పేరు పెట్టి, నాన్న చెవిలో పడేలా పొద్దున లేచింది మొదలు తిడదామనుకున్నాను. మా ఆవిడతో అన్నాను కూడా. "మీ నాన్న మీకు చేసిందే కదా అది. తిట్లు తినేది వీడు," అంది పిల్లాణ్ణి గుండెకి హత్తుకుని. సిగ్గేసింది. పగ మాత్రం చల్లారలేదు, ఇంకా మంచి దారి చూపించింది. వాడికి నా పేరే పెట్టాను.

నాన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. కానీ మనవడంటే పడిచస్తాడు. వాడు ఏడిస్తే చేతిలో గుడ్డ ఎక్కడిదక్కడ పడేసి వస్తాడు. పేరు మాత్రం నోట పలకడు. బుడ్డోడంటాడు, చిట్టిగాడంటాడు, దొరగారంటాడు. నేనూ తక్కువ తినలేదు. పేరు పెట్టి పిలిస్తేనే పలకమని వాడికి నూరిపోశాను. మా ఆవిడ తల కొట్టుకుంది. మూడేళ్ళు నిండేసరికి వాడు ఆ విద్యలో ఆరితేరాడు.

మొన్న మధ్యాహ్నం వాడు పెద్ద కత్తెర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. దాని మర నేను పొద్దున్నే బిగించాను, రెండు చేతులతో లాగినా వాడికి తెరుచుకోదు. ఆ సంగతి నాన్నకి తెలియదు. మోకాళ్ళు పట్టేసి బల్ల వెనకనుంచి లేవలేకపోయాడు.

"బుడ్డోడా, అది ఇటిచ్చెయ్."

వాడు కదల్లేదు.

"దొరగారూ! ఇటు చూడండి."

ఊహూఁ. నాన్న నా వైపు తిరిగి, "తియ్యరా వాడి చేతిలోంచి!" అని అరిచాడు. నేను వినపడనట్టు మిషను తొక్కుతూనే ఉన్నాను. ఆయన ముఖంలో భయం చూస్తుంటే నాకు హాయిగా ఉంది.

అప్పుడు అన్నాడు. నా పేరు. ముందు తిట్టు లేకుండా, మెల్లగా. వాడికి వినపడలేదేమో, తిరగలేదు. నాన్న గొంతు పెంచాడు. నా పేరు పెట్టి పిలిచి, "నా బంగారు తండ్రివి కదూ, నా ప్రాణం కదూ, రా నాన్నా, నా దగ్గరికి రా," అన్నాడు.

ఎదురుకొట్టులో మిషను ఆగింది. జుట్టంతా నెరిసిన ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, నమ్మలేనట్టు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

ఈ ఒక్క పూట కోసం ముప్ఫై నాలుగేళ్ళు కాచుకున్నాను. ఇద్దరి ముఖాలూ చూసి పగలబడి నవ్వాలని ఎన్నిసార్లు అనుకున్నానో. నవ్వు రాలేదు. కాలు దానంతటదే మిషను మీంచి దిగింది. లేచి నిలబడ్డాను.

"ఆఁ, వస్తున్నా నాన్నా," అన్నాను.

నాన్న తల తిప్పలేదు. చాపిన చెయ్యి పిల్లాడి వైపే ఉంది.

"నిన్ను కాదురా," అన్నాడు.

పిల్లాడు పరుగున వెళ్ళి కత్తెర తాత చేతిలో పెట్టాడు. ఎదురుగుమ్మంలో ఆయన, ఇక్కడ నేను, పిలవకుండానే లేచినవాళ్ళం ఇద్దరమూ తిరిగి మిషన్ల ముందు కూర్చున్నాం.