పరుపుల కొట్టులో అక్క చేసిన పని

అక్క పోయాక పరుపులాయనకి అంతుపట్టని విషయం ఒకటుంది. పలకరించడానికి వచ్చినవాళ్లు ముందు అక్క కోసం కళ్లు తుడుచుకుంటారు. ఆ తుడుచుకున్న కళ్లతోనే ఆయన్ని ఎగాదిగా చూసి, నిట్టూర్చి, "ఇక నీ కొట్టు గతేం కాను?" అంటారు.

కొట్టుకేమైంది? నాన్న చేతి మీదుగా వచ్చిన కొట్టు. ముందు గదిలో దూది ఏకే మిషను, నేల మీద పరిచిన గుడ్డ, గోడకి ఆనించిన కర్ర, దబ్బనాలు గుచ్చిపెట్టిన పాత దిండు. వెనక గదిలో దూది బస్తాలు, అమ్ముడుపోవాల్సిన పరుపులు. ఏకేదీ ఆయనే, కూరేదీ ఆయనే, కర్రతో కొట్టి సమం చేసేదీ ఆయనే, చివరికి కుట్టేదీ ఆయనే. ముక్కుకి గుడ్డ కట్టుకుని పొద్దున కూర్చుంటే, సాయంత్రానికి కనుబొమ్మలు కూడా తెల్లబడి ముసలాడిలా లేచేవాడు. అక్క పోయినంత మాత్రాన ఆ పనిలో వెంట్రుకవాసి మార్పు లేదు. తగ్గిందల్లా ఒంట్లో ఓపికే. కూర్చుంటే లేవబుద్ధి కాదు, లేస్తే కూర్చోబుద్ధి కాదు.

ఆ రోజు టీచరమ్మ వచ్చింది. అక్కకి చిన్ననాటి స్నేహితురాలు. బడినీ, దాన్నానుకుని ఉన్న ఆడపిల్లల హాస్టలునీ ఆవిడే చూసుకుంటుంది. ఏటా హాస్టలు పరుపులన్నీ ఈ కొట్టులోనే తయారవుతాయి. పరుపులాయన ఇంట్లో సగం తిండి ఆ ఒక్క బేరం మీదే.

"తమ్ముడూ, ఏమీ అనుకోకు," అంది గుమ్మంలోనే నిలబడి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. "ఈసారి హాస్టలు పరుపులు వేరేచోట చెబుదామనుకుంటున్నాను."

ఆయన చేతిలో దబ్బనం ఆగిపోయింది. "ఏం టీచరమ్మా, కుట్లు గానీ ఊడాయా?"

"అయ్యో, అదేం లేదు. బంగారంలాంటి పని. నీ నెత్తిన ఆ బరువు పెట్టలేక. ఒంటిచేత్తో ఎంతని చేస్తావు పాపం?"

"ఎప్పుడూ చేసేదేగా!"

తప్పిపోయిన పిల్లాణ్ని చూసినట్టు చూసింది టీచరమ్మ. "సర్లే, నీ అభిమానం నీది. ఆదివారం పొద్దున బడి హాల్లో అందరం కూర్చుని అక్కని తలుచుకుందామనుకున్నాం. నువ్వూ నాలుగు మాటలు చెప్పాలి. సొంత తమ్ముడివి."

ఆవిడ వెళ్లాక పరుపులాయన భార్య వెనక గదిలోంచి బయటికొచ్చింది. "నాలుగు మాటలా! మీరా! పెళ్లయిన కొత్తలో 'కాసిని మంచినీళ్లు' అని అడగడానికే గోడ వైపు తిరిగి అడిగారు మీరు."

"అది కాదే. ఆవిడ బేరం ఎందుకు మానుకుంటోంది?"

"నాకేం తెలుసు? జాలిపడి కడుపు కొట్టేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను."

బేరం సంగతి అటుంచితే, ఆ నాలుగు మాటలే ఆయన ప్రాణానికొచ్చాయి. అక్క గురించి మంచిమాటలు చెప్పడానికి ఊళ్లో ఎవరు పనికిరారు గనక! ఎవరికి జ్వరమొచ్చినా మంచం పక్కన అక్కే. ఎవరింట్లో మొగుడూ పెళ్లాం కొట్టుకున్నా మధ్యలో అక్కే. అత్తగారు మంచాన పడి ఏళ్ల తరబడి లేవకపోతే, ఒక్క పుండు కూడా పడనివ్వకుండా చూసుకుంది. ఇంటి వెనక రేకుల పాకలో ఒంటికన్ను పిల్లీ దాని సంతానం, ఎవరో వదిలేసిపోయిన గాడిద. వెంట తిరగడానికి మూడుకాళ్ల కుక్క ఒకటి. దాని నడక చూసి దానికి ఇన్‌స్పెక్టరు అని పేరు పెట్టింది. చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ని అక్కా అనే పిలిచేవాళ్లు. నిజంగా ఆ పిలుపు మీద హక్కున్న తమ్ముడు వరసలో చిట్టచివర నిలబడాల్సి వచ్చేది.

అందరికీ నవ్వు మొహంతో కనబడే ఆ మనిషి తమ్ముడికి మాత్రం అలా ఎప్పుడూ కనబడలేదు. రోజూ మధ్యాహ్నం ఎంగిళ్లు ఎత్తేసి కొట్టుకొచ్చేది. చెప్పులు ఒకటి ఇటూ ఒకటి అటూ విసిరేసి, ఇన్‌స్పెక్టర్ని గుమ్మంలో కాపలా కూర్చోబెట్టి, తిన్నగా వెనక గదిలోకి పోయి ఉన్నవాటిలో మెత్తటి పరుపు మీద దబ్బున పడిపోయేది.

"అక్కా, ఆ పరుపు రేపు ఇచ్చెయ్యాలి. మొన్న నువ్వు పడుకున్నదాని నిండా పిల్లి వెంట్రుకలే."

"వెంట్రుకలకి వేరే డబ్బులు తీసుకోరా."

"బావకేం చెప్పొచ్చావు?"

"నీ తలకాయ చెప్పొచ్చాను. నోరు మూసుకుని మిషను వెయ్యి. ఆ రొద లేకపోతే నాకు నిద్ర పట్టదు."

నిద్ర పట్టేలోగా కడుపులో ఉన్నదంతా కక్కేసేది. "ఆ టీచరుందే, దాని కోడలి గోల విని విని నా చెవులు చిల్లులు పడ్డాయిరా. మీ బావ సాక్సులు ఆయన కాళ్లకే ఉంటాయి, ఎక్కడున్నాయే అని నన్నడుగుతాడు. ఆ గాడిదొకటి, మందు పూయబోతే తంతుంది. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు నన్నెవరూ అక్కా అని పిలవకుండా ఉంటే బాగుణ్ణు."

తమ్ముడు ఏదో అనబోయి, పిలుపు నాలిక చివరిదాకా వచ్చాక మింగేసేవాడు. ఈలోగా గురక మొదలయ్యేది. ఎద్దుబండి గులకరాళ్ల మీద పోతున్నంత గురక. కాసేపటికి లేచి, కుండలో నీళ్లతో మొహం కడుక్కుని, జుట్టులో దూది దులుపుకునేది. గుమ్మం దాటేసరికి, స్విచ్చి వేసినట్టు, మొహం మీదికి నవ్వొచ్చేసేది.

ఇదీ ఆయన దగ్గరున్న అక్క. ఈ అక్కని హాల్లో నలుగురి ముందు ఎలా నిలబెట్టడం?

ఆదివారం హాలు నిండిపోయింది. పెద్దవాళ్లంతా పిల్లల బెంచీల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నారు. ముందు పశువుల డాక్టరు లేచాడు.

"గాడిదకి గిట్టలో పుండు పడితే నన్ను నిద్రలేపి లాక్కెళ్లింది. ఫీజు ఎవరిస్తారక్కా అంటే, దాన్నే అడుగు, దానికీ నోరుంది అంది. అది నన్నొక్క తన్ను తన్నింది. చెల్లుకి చెల్లు అంది అక్క." అందరూ నవ్వారు. డాక్టరు నవ్వుతూనే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "దాన్ని ఎంతసేపు పట్టుకోవాల్సొచ్చినా అక్క విసుక్కోగా నేను చూడలేదండీ."

తర్వాత టీచరమ్మ.

"పొద్దున్నుంచీ మా అందరి కష్టాలూ మోసేది కదా, మధ్యాహ్నమైనా కాస్త నడుం వాల్చేదా? లేదు! తమ్ముడి కొట్టుకి పరిగెత్తేది. వాడి చెయ్యి బాగా నెమ్మదే, నేను పోయి కుట్టకపోతే ఒక్క పరుపూ తెమలదు అనేది. మేమూ వస్తాం అక్కా, తలో చెయ్యీ వేస్తాం అంటే రానిస్తేనా! దూది మీ గొంతుల్లోకి పోతుంది, నాకు అలవాటే, మీరు రాకండి అనేది. ఆ దూదిలో, ఆ రొదలో, రోజూ..." ఆవిడ వచ్చి ముందు వరసలో కూర్చుంది.

పరుపులాయన బెంచీలో అలాగే బిగుసుకుపోయాడు. ఇన్నాళ్ల జాలి చూపులకీ, కొట్టు గతేం కాను అన్న మాటలకీ, పోబోతున్న హాస్టలు బేరానికీ, అన్నింటికీ మూలం ఇదన్నమాట. తను నిద్రపోవడానికి తమ్ముణ్ని చేతకానివాణ్ని చేసి కూర్చోబెట్టింది మహాతల్లి!

భార్య ఆయన మోచేతి మీద గిల్లింది. "వింటున్నారా?"

"వింటున్నాను."

బావ లేచాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. మాటలు తక్కువ.

"నేనావిడకి దేనికీ అడ్డం చెప్పలేదు. ఇంట్లోకి గాడిదని తెచ్చినా ఏమీ అనలేదు. ఆ ఒక్క కొట్టు విషయంలోనే చెప్పాను. నీ నడుం విరిగిపోతోందే, ఆ కుట్టుపని మానెయ్యి అన్నాను. వాడు నా తమ్ముడండీ అంది. మానేసుంటే ఇంకొన్నాళ్లు ఉండేదేమో. ఏమో."

కోపంగా అన్నా బాగుండేది. బావమరిది వంక చూడకుండా, తనలో తను అనుకున్నట్టు అని కూర్చున్నాడు. అదీ పరుపులాయనకి గోరుచుట్టు మీద రోకటి పోటయ్యింది.

"ఇప్పుడు తమ్ముడు," అంది టీచరమ్మ.

"చెప్పండి," అంది భార్య పళ్ల మధ్య నుంచి. "గురక పెట్టి నిద్రపోయేదని చెప్పండి. నాన్న నేర్పిన పని, నా చేతి పని అని చెప్పండి. మీరు చెప్పకపోతే నేను లేస్తాను."

"నువ్వు కూర్చో."

ముందుకెళ్లి నిలబడ్డాడు. చెబితే ఒక్క మాటతో పోతుంది. తన పనితనం తనకొస్తుంది, బేరం నిలబడుతుంది, బావ మొహంలో ఆ అనుమానం పోతుంది. పోయి, ఎక్కడికి పోతుంది? కొట్టు పనికి కాకపోతే మరి దేనికి అలిసిపోయిందని అడుగుతారు. జవాబుగా ఈ బెంచీల వంకే చూపించాలి. ముందు వరసలో టీచరమ్మ ముక్కు చీదుకుంటోంది. పక్కన బావ, సాక్సులు ఒక్కో కాలికి ఒక్కో రంగువి వేసుకుని కూర్చున్నాడు.

"అక్క రోజూ వచ్చేది," అన్నాడు. "ఎండైనా వానైనా వచ్చేది. ఆవిడ లేకపోతే... నా వల్ల అయ్యేది కాదు."

అంతే. వచ్చి కూర్చున్నాడు.

ఇంటికి నడుస్తుంటే భార్య సందు మలుపులో ఆగింది. "రేపట్నుంచి పొయ్యి మీద ఏం పెట్టమంటారు? మీ మంచితనమా?"

"వాళ్ల ఏడుపులు వినలేక మన దగ్గరికొచ్చి దాక్కునేదని చెప్పమంటావా?"

"నిజమేగా!"

"నిజమే."

ఆవిడ కొంగు విదిలించి ముందు నడిచింది.

ఆ తర్వాత జరిగింది చెబితే నవ్వాలో ఏడవాలో తెలీదు. టీచరమ్మ ఇద్దరు స్నేహితురాళ్లని వెంటేసుకుని, ముక్కులకి గుడ్డలు కట్టుకుని కొట్టులో దిగిపోయింది. "అక్క పని మేం చేస్తాం తమ్ముడూ. వద్దనకు. హాస్టలు పరుపులు కూడా నువ్వే చెయ్యి, మేమున్నాం కదా!"

బేరం తిరిగొచ్చింది. దానితోపాటు సాయమూ వచ్చింది. ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. ఒకావిడ దూది ఒక మూలకే కూరింది, పరుపు గర్భిణిలా తయారైంది. ఇంకొకావిడ పరుపుతోపాటు కింద పరిచిన గుడ్డని కూడా కలిపి కుట్టేసింది. టీచరమ్మ దబ్బనం వేలికి గుచ్చుకుని చప్పరిస్తూ, "ఎలా చేసేదో రోజూ ఇదంతా!" అంది.

"అలవాటైపోయింది లెండి ఆవిడకి," అన్నాడు పరుపులాయన.

వెనక నుంచి భార్య దగ్గింది. అది దూది దగ్గు కాదు.

వాళ్లు చేతులు కడుక్కుని వెళ్లాక మొగుడూ పెళ్లాం ఎదురెదురుగా కూర్చుని ఆ కుట్లన్నీ కత్తెరతో విప్పడం మొదలెట్టారు. విప్పడం కుట్టడం కన్నా కష్టం. ఆయనకి వేళ్లు తిమ్మిరెక్కాయి. ఇదే వరస రేపూ ఎల్లుండీ ఉంటుందన్న ఆలోచనకే నిద్రొస్తోంది.

అప్పుడొచ్చాడు బావ. గుమ్మంలో నిలబడి, మిషను వంకా, బస్తాల వంకా, తను ఎన్నడూ రాని చోటుకి వచ్చినవాడిలా చూశాడు.

"ఒరేయ్, ఆవిడ ఇక్కడ ఏ పని చేసేదిరా?"

పరుపులాయన భార్య చేతిలో కత్తెర ఆగింది.

"చివరి కుట్లు బావా. దగ్గర కుట్లు ఆవిడే వేసేది."

"ఆవిడ కుట్టినవి ఏమైనా మిగిలాయా?"

అన్నీ అమ్ముడుపోయాయని అంటే సరిపోయేది. అనలేకపోయాడు. లేచి వెనక గదిలోకి వెళ్లి, నిన్న సాయంత్రం తను ముగించిన పరుపు తెచ్చి వెలుతురులో పరిచాడు. బావ మోకాళ్ల మీద కూర్చుని కుట్ల మీద అరచెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరదాకా నిమిరాడు.

"ఎంత ఒద్దికగా వేసిందో చూడు. నా చొక్కాకి గుండీ కుట్టమంటే వంకరటింకరగా కుట్టేది."

పరుపులాయన గబగబా అందుకున్నాడు. "చొక్కా కాబట్టి లెక్క చేసుండదు బావా. ఇది నలుగురూ పడుకునేది."

"అంతే, అంతే." బావ ఇంకోసారి నిమిరాడు. "ఇది నాకిచ్చెయ్. ఎంతో చెప్పు."

"అక్క కుట్టినదానికి నీ దగ్గర డబ్బులేంటి బావా!"

"అయితే ఇప్పుడే తీసుకుపోతాను."

"నువ్వేం మోస్తావు? మేం తెచ్చిపెడతాం, పద."

పరుపు చుట్టి తాడు కట్టాడు. మంచి బరువైన పరుపు, ఏరిన దూదితో చేసింది, రేపు పొద్దున ఇచ్చెయ్యాల్సింది. ఎవరికివ్వాలో వాళ్ల కోసం ఇప్పుడు మళ్లీ ఇంకొకటి మొదటినుంచీ చెయ్యాలి. భార్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. నోటి చివర మాట సిద్ధంగా ఉంది.

"ఏమీ అనకుండా ఆ చివర పట్టుకోవే," అన్నాడాయన.

ఆవిడ కత్తెర కింద పెట్టి, కొంగు దోపుకుని, ఆ చివర పట్టుకుంది.