దొర సమాధికి సున్నం

కళింగపట్నంలో ఎండకు కరువు లేదు. ఆదివారమైతే చాలు, ఆ ఎండనూ లైట్‌హౌసునూ వంశధార సముద్రంలో కలిసే చోటునూ చూడ్డానికి శ్రీకాకుళం నుంచి జనం బళ్ళేసుకుని దిగిపోతారు. దిగినవాళ్ళెవరూ రిటైరైన టీచరమ్మ జ్ఞానసుందరి కథ వినకుండా వెళ్ళలేరు. ఆవిడ వెళ్ళనివ్వదు మరి.

ఒకప్పుడు ఇది పెద్ద రేవు అని మొదలెడుతుంది. ఓడలు ఒడ్డుదాకా రాలేక లోతునీళ్ళలోనే ఆగేవి. ఊరివాళ్ళు పడవలేసుకెళ్ళి సరుకు దింపేవాళ్ళు. ఒక తుఫానులో ఓడ మునిగిపోతుంటే, ఆమె తాతలనాటి తాత లక్ష్ముడు పడవ తోసుకెళ్ళి కెప్టెన్ దొరను ఒడ్డుకు తెచ్చాడు. దొర ఇసుకలోనే ప్రాణం విడిచాడట. మిగిలినవాళ్ళ కోసం మళ్ళీ వెళ్ళిన లక్ష్ముడు తిరిగి రాలేదు. ఆ గాలికే ఊరు చెదిరి, ఇల్లు పోయి, అతని పెళ్ళాం పిల్లల్ని తీసుకుని నౌపడలో పుట్టింటికి చేరింది. ఏళ్ళ తర్వాత తిరిగొచ్చేసరికి, ఇప్పుడు సరుగుడు తోట ఉన్నచోట ఒక రాతి సమాధి లేచి ఉంది. దొరదే అయ్యుంటుందన్నారు అందరూ.

తాత కాపాడిన మనిషి కదా అని, ఆ ఇంటివాళ్ళు ఏటా ఈస్టరు ముందు దానికి సున్నం వేస్తారు. లక్ష్ముడికి మాత్రం సముద్రంలో నాలుగు పూలు వేసి ఊరుకుంటారు.

"అంతా బాగానే ఉన్నాది గానీ, దొర పేరేటి?" అంటాడు ఎలీషా. ఆమెకు వరసకు బావ. గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చి ఊళ్ళో స్థిరపడ్డాడు. మాటంటే పుల్లవిరుపే.

రాతిమీద అక్షరాలుండేవట. అప్పట్లో ఇంట్లో చదువొచ్చినవాళ్ళు లేరు. చదువులొచ్చేసరికి పూతమీద పూత పడి అక్షరాలు పూడిపోయాయి. ఈ ఏడు పంచాయతీవాళ్ళు అక్కడ బోర్డు పెడతామన్నారు, పేరు కావాలన్నారు. జ్ఞానసుందరి గుండెల్లో రాయి పడింది. తీరా సున్నం గీకాక ఏ గుమాస్తా పేరో బయటపడితే? తాత సాహసం, తను ఇన్నేళ్ళూ చెప్పిన కథ, అన్నీ నవ్వులపాలే.

"బయిమైతే వొగ్గీయే సుందరీ. దొరని దొరలాగే ఉండనీ."

"బయిమేటి? పేరు తెల్దని సెప్పి పాఠం దాటేసే పంతులమ్మని కాను నాను" అంటూ ఆమె చాకు అందుకుంది.

శనివారం పొద్దుటెండలో ఇద్దరూ కూర్చుని గీకారు. సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. పైనున్న ఇంగ్లీషు వరసలు అరిగిపోయాయి. కింద తెలుగు. ఆమె వేలు పెట్టి, ఒకటో తరగతి పిల్లలా కూడబలుక్కుంటూ చదివింది.

"ఇచ్చట లక్ష్ముడు నిద్రించుచున్నాడు. నన్ను గట్టు చేర్చి తాను మరణించెను. ఓడ కెప్టెను నిలిపిన రాయి."

వెక్కిరించడానికి సిద్ధంగా ఉన్న ఎలీషా ముందుకు వంగి ఆ వరసలు తనూ చదువుకున్నాడు.

"మా తాత సంద్రంలో లేడు బావా" అంది జ్ఞానసుందరి. "ఒడ్డుకి కొట్టుకొచ్చినట్టున్నాడు, ఇక్కడే ఉన్నాడు. పరాయోడనుకుని, మా సేతుల్తో మేమే ఆడి పేరు కప్పెట్టీసినాం."

వెక్కి వెక్కి ఏడ్చింది. దుఃఖమో సంతోషమో ఆమెకే తెలియలేదు. ఎలీషా భుజమ్మీద తువ్వాలు తీసి రాతిమీద పొడి తుడిచాడు. ఆ ఏడు రాతికి సున్నం వేయలేదు.

మర్నాడు ఆదివారం శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబమొకటి ఆమెను ఆపి అడిగింది, "ఇక్కడేదో దొర సమాధి ఉందట కదండీ?"

"దొర బతికి బట్టకట్టి ఆల ఊరెల్లిపోనాడు బాబూ" అంది జ్ఞానసుందరి. "ఇక్కడున్నది మా తాత. రండి, పేరు సదవండి."