సిద్దిరాములు ఇటుక

ఉత్తరాలన్నీ సంచిలో సర్దుకుని, పార్సిల్‌ను మాత్రం సైకిల్ క్యారియర్‌కు పాత ట్యూబుతో బిగించి కట్టాడు సిద్దిరాములు. ముప్పై రెండేళ్లుగా అదే కట్టు. పలచటి మనిషి, ఎండకు మాడిన మెడ, కుడి చూపుడు వేలికి ఎన్నటికీ పోని ముద్ర సిరా. మాక్లూర్‌లో ఆయన సైకిల్ గంట అందరికీ తెలుసు గానీ గొంతు వినపడేది అరుదు. ఇవాళ్టితో రిటైరు అని కూడా ఎవరికీ చెప్పుకోలేదు.

బతుకమ్మ మొదలయ్యే పెత్తరమాసకు ఇంకా వారమే ఉంది. ఆ పండుగ దగ్గరపడిందంటే బీడీల వాడకట్టు కాళ్లు నేల మీద నిలవవు. గోదావరి ఇంటి అరుగు మీద పదిమంది ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు గానీ చూపులన్నీ దారి మీదే. వారపత్రికలో గళ్ల లెక్క నింపి పంపితే, దసరా బహుమానంగా టేపురికార్డరు సగం ధరకే వస్తుందని ఉత్తరం వచ్చింది మరి. అందరూ కలిసి ఏడాదంతా కూడబెట్టారు. గంట వినగానే భూమవ్వ ఒళ్లో చాట ఉన్న సంగతే మరిచి లేచింది. తునికాకు అరుగంతా పరుచుకుంది.

"అచ్చింది, టేపురికాడు అచ్చింది."

గోదావరి పార్సిల్‌ను రెండు చేతులా ఎత్తి చూసింది. సేటు దగ్గర ఆకు తూకంలో మోసపోయి మోసపోయి ఆమె చెయ్యే తక్కెడ అయింది.

"బరువున్నదన్నా. అసలు మాలే. మోసమైతే గింత తూగుతదా?"

ఆ మాటకు అందరి ముఖాలూ వెలిగాయి. ఆ వాడలో మోసమంటే తక్కువ తూగేదే. ఎక్కువ తూగే మోసాన్ని వాళ్లెరుగరు.

 ఆ బరువు సిద్దిరాములు చేతులకు తెలుసు. పైసలు కట్టందే పార్సిల్ విప్పనివ్వకూడదు, విప్పాక వెనక్కి తీసుకోకూడదు. రూలుకు కళ్లుండవు.

"వద్దనుర్రి. వద్దంటే వాపసు పోతది," అన్నాడు మెల్లగా.

"మేం సంబరపడుతుంటే నీకు కండ్లమంటనా సిద్దిరాములు?" అంది భూమవ్వ నవ్వుతూ. గోదావరి అప్పటికే కొంగుముడి విప్పుతోంది.

పోస్టాఫీసు కిటికీలో, ఫారాలు ఎగిరిపోకుండా పెట్టే ఇటుక ఒకటుంది. ప్రతి దసరాకూ సిద్దిరాములు దాన్ని చూపించి, ధర్పల్లిలో ఎవడో రేడియో తెప్పించుకుంటే ఇది వచ్చిందట అని చెప్పేవాడు. విన్నవాళ్లు ఆ ధర్పల్లివాణ్ణి తలుచుకుని కడుపుబ్బ నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. పదకొండేళ్లుగా అదే కథ.

"ధర్పల్లోడు లేడు, ఎవడు లేడు," అన్నాడు సిద్దిరాములు. చెవులు ఎర్రబడ్డాయి. "గా ఇటుక నాకే అచ్చింది. నా పెండ్లాం రాములవ్వ పానం బాగలేక మంచాన వడ్డది. పాటలింటదని రేడియో తెప్పిచ్చిన. ఊరందరికి పార్సిళ్లిచ్చేటోణ్ణి, నేనే మోసపోయిన. గదిట్లనే బరువుండె. ఇటుకను సూసి ఆమె నవ్వింది గని, దసరా దాకా ఉండలే."

గోదావరి కొంగుముడి మళ్లీ బిగించింది. పార్సిల్ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

"వద్దన్నమని రాయన్నా."

"నిజామాబాద్ పోర్రి చెల్లె. దుకాణంల పాట పెట్టిచ్చుకొని, చెవుల వడ్డంకనే పైసలియ్యుర్రి."

మాట పూర్తికాకముందే చాటలు మూలకు చేరాయి. పన్నెండు గంటల బస్సు ఎక్కింది నలుగురైతే, సాగనంపింది ఇరవై మంది.

సాయంత్రం ఆయన సంచీ, బిళ్లా అప్పగిస్తుండగా బస్సు దిగే చోటు నుంచి పాట వినిపించింది. దగ్గరవుతూ అవుతూ పోస్టాఫీసు ముందే ఆగింది. గోదావరి చంకలో కొత్త టేపురికార్డరు, వెనక చప్పట్లు చరుస్తూ వాడకట్టంతా.

"ఉన్న పైసలకు చిన్నదే అచ్చిందన్నా. పాడుతున్నది సూడు."

సిద్దిరాములు కళ్లు నిండాయి. ఇంత సంతోషం ఆయనకు ఈ పదకొండేళ్లలో లేదు.

"ఆవాజు పెంచు చెల్లె," అన్నాడు.

పాట వాడలోకి వెళ్లిపోయాక సైకిల్ తీశాడు.

"నీ ఇటుక తీసుకపోవా?" అని అడిగాడు పోస్టుమాస్టరు.

"ఉండనియ్యుర్రి సార్. దసరా ఏటేట అస్తది."

ఆయన గంట కొట్టకుండానే మలుపు తిరిగాడు. కిటికీలో మనియార్డరు ఫారాల మీద ఇటుక ఉంది, అప్పటి పార్సిల్ పురికొస ఒక చుట్టు ఇంకా దాన్ని పట్టుకునే ఉంది.