బియ్యపుగింజ మందం

నేను ఒక జిగ్‌ని. ఈ మాట వినగానే మీలో చాలామంది నొసలు చిట్లిస్తారని తెలుసు. నమూనా విమానాలు కట్టేవాళ్లకు తప్ప నాతో ఎవరికీ పని లేదు. రెండు రెక్కలు ఒకదాని మీద ఒకటిగా ఉండే పాతకాలపు విమానాన్ని బొమ్మల్లోనైనా చూసే ఉంటారు. దాని చిన్న నమూనా కట్టేటప్పుడు కింది రెక్కనూ పై రెక్కనూ సరైన ఎడంలో, సరైన వాలులో పట్టుకుని, జిగురు ఆరేదాకా కదలనివ్వని చట్రాన్ని నేను. ఒక పీట, నాలుగు స్తంభాలు, నాలుగు ఇత్తడి బిగింపులు, అంతే నా ఒళ్లు. రెక్క వంకర పోకుండా చూడటం ఒక్కటే నా పని. ఆ ఒక్క పనీ నేను సరిగ్గా చెయ్యలేదు. నాకు తల లేదు గానీ, ఉంటే ఈ కథంతా తల దించుకునే చెప్పేదాన్ని.

నన్ను చేసినవాడు పోలమరశెట్టి వరహాలు. విశాఖపట్నం కంచరపాలెంలో ఉంటాడు. ఒక ఇనుప ఫౌండ్రీలో ప్యాట్రన్లు చేస్తాడు. అంటే పోత పోయాల్సిన వస్తువును ముందు చెక్కతో చేసిస్తాడన్న మాట. దాన్ని ఇసుకలో అదిమి, తీసేసి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. వరహాలు చిత్రిక పట్టిన చెక్క మీద చెయ్యి జారిపోతుందని ఫౌండ్రీలో చెప్పుకునేవారు. అతను నన్ను కూలికి చెయ్యలేదు. స్నేహితుడి మీద ప్రేమతో చేశాడు.

ఆ స్నేహితుడు మజ్జి గౌరునాయుడు గారు. వాయుసేనలో విమానాల మరమ్మతు పని చేసి రిటైరయ్యాక, ఊళ్లోని ఒక పాలిటెక్నిక్‌లో మంగళవారం, శుక్రవారం నమూనా విమానాలు కట్టడం నేర్పేవారు. ఆ రెండు పూటల కోసమే మిగతా అయిదు రోజులు బతికేవారని చెప్పినా తప్పు లేదు. ఒకరోజు టీ కప్పు పట్టుకుంటే అది సాసరులో టకటకమంది. తరవాత బాల్సా అనే తేలికపాటి చెక్క కోస్తుంటే బ్లేడు గీత తప్పింది. ఆయన ఎవరితోనూ అనలేదు గానీ తనకు తానే ఒక పరీక్ష పెట్టుకున్నారు. జంట రెక్కల విమానం ఒకటి మొదటినుంచి చివరిదాకా తన చేత్తోనే కట్టాలి. అది తిన్నగా ఎగిరితే పాఠాలు చెబుతారు, లేకపోతే మానేస్తారు. భార్య రవణమ్మకు మాత్రం చెప్పారు. ఆవిడ వరహాలుకు చెప్పింది. వరహాలు టేకు ముక్క కోసం షెడ్డులోకి వెళ్లాడు.

నాలుగు స్తంభాలూ ఇంటి దగ్గరే, మామూలు స్కేలుతో కొలిచి కోశాడు. కోసిన నాలుగింటిలో ఎడమవైపు ముందుండాల్సినదానికి చిన్న పగులు కనిపించింది. పగులున్నదాన్ని స్నేహితుడికి ఎలా ఇస్తాడు? మర్నాడు ఫౌండ్రీలో, మధ్యాహ్నం భోజనాల వేళ, దాని బదులు కొత్తది కోశాడు. అక్కడే కొంప మునిగింది. కరిగిన ఇనుము చల్లారితే కాస్త ముడుచుకుపోతుంది కాబట్టి, ఆ తరుగు ముందే కలిపి ప్యాట్రన్ చెయ్యడానికి ఫౌండ్రీలో వేరే స్కేలు వాడతారు. దాని మీద అంగుళం అసలు అంగుళం కన్నా వెంట్రుకవాసి పెద్దది. ముప్పయ్యేళ్లుగా వరహాలు చొక్కా జేబులో ఉండేది ఆ స్కేలే. తొమ్మిది అంగుళాలకు గీత గీశాడు, కోశాడు, పాలిష్ పట్టాడు. నా ఎడమ ముందు స్తంభం మిగతా మూడింటికన్నా బియ్యపుగింజ మందం పొడుగైంది.

నాకు తెలుసా అని అడుగుతారేమో. ఒక కాలు పొడుగైన మనిషికి తెలియకుండా ఉంటుందా? తెలుసు. తెలిసీ మెరుస్తూ కూర్చున్నాను. ఇత్తడి బిగింపులు తళతళలాడుతున్నాయి, పాలిష్‌లో నా మొహం నాకే ముద్దొస్తోంది. పైన పటారం లోన లొటారం అని పెద్దవాళ్లు అన్నది నాలాంటివాళ్లను చూసే.

విమానం పని మొదలుపెట్టాల్సిన ఉదయం గౌరునాయుడు గారి బల్ల మీద నా పక్కన ఇంకో జిగ్ ఉంది. అల్యూమినియం యాంగిల్ ముక్కలు, వంటింటి గట్టుకు వేయగా మిగిలిన గ్రానైట్ పలక, వాటిని పట్టి ఉంచే మరలు. ఆయనే చేసుకున్నారు. దాన్ని చూసి నేను లోపల నవ్వుకున్నాను. పని మొదలుపెట్టేముందు రెండింటినీ కొలిచి, ఏది సరిగ్గా ఉంటే అది ఎంచుకుందామని ఆయన స్కేలు, దారం తీసి పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే వరహాలు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"బావా, పదేళ్లు ఆరిన చెక్కది. వంగదు, ఉబ్బదు. కొలిసి చూసుకుంటానంటే చూసుకో," అని వరహాలు కిటికీవైపు తిరిగాడు.

పనివాళ్లలో ఒక మర్యాద ఉంది. తోటి పనివాడు ప్రేమగా చేసి తెచ్చినదాని మీద అతని కళ్లముందే స్కేలు పెట్టకూడదు. పెడితే, నీ చేతి మీద నాకు నమ్మకం లేదని చెప్పినట్టే. ఈ మర్యాద ఎవరు పెట్టారో గానీ, మనుషులు తప్పుల్ని పదిలంగా దాచుకోవడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు నేను చూడలేదు. గౌరునాయుడు గారు స్కేలు కింద పెట్టేశారు.

"నీ పనికి నేను స్కేలు ఎట్టడమేటిరా," అన్నారు. గ్రానైట్ పలకను తీసి మంచం కిందకు తోశారు.

విమానం కట్టడానికి రెండు నెలలు పట్టింది. రెక్కకు ఆకారమిచ్చే ఒక్కో చెక్క పక్కటెముకనూ ఆయన కోసి, ఉప్పు కాగితంతో రుద్ది, ఊపిరి బిగబట్టి అతికించేవారు. చెయ్యి వణుకుతోందనిపిస్తే ఆగి, మోచేయి బల్లకు ఆనించి, మళ్లీ మొదలుపెట్టేవారు. పై రెక్కను నాలో బిగించిన రోజున నా పొడుగు స్తంభం ఆ రెక్క ఎడమకొసను ముందువైపు పైకి లేపింది. అలా లేచిన కొసను గాలి ఎక్కువ ఎత్తుతుంది, విమానం రెండోవైపుకి ఒరుగుతుంది. అంత శ్రద్ధగా కట్టిన రెక్కను నేను మెలిపెడుతున్నాను, ఆయనేమో ఆప్యాయంగా నా బిగింపులు తుడుస్తున్నారు. టేకు చెక్కకు కూడా కిర్రుమనడం వచ్చు. నేను ఆ మాత్రం చప్పుడైనా చెయ్యలేదు. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను.

పాలిటెక్నిక్ మైదానంలో చేత్తో వదిలి చూస్తే విమానం నాలుగు గజాలు బాగానే వెళ్లి, కుడివైపుకి ఒరిగి, రెక్క నేలకు కొట్టుకుంది. ఆయన ఇంటికొచ్చి కొత్త రెక్కలు కట్టారు. ఈసారి మూడు నెలలు. మళ్లీ నాలోనే బిగించారు. మళ్లీ అదే మైదానం, మళ్లీ కుడివైపే. వేరేవాడైతే మొదటిసారే నన్ను అనుమానించేవాడు. ఈయన మాత్రం తన వంక పనిముట్టు మీదకు నెట్టే మనిషి కాదు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్లను చూసి జన్మంతా నవ్విన మనిషి. ఈ ఒక్కసారి మద్దెల నిజంగానే ఓడని ఆయనకెలా తెలుస్తుంది?

"ఏటయినాదండీ?" అంది రవణమ్మ.

"విమానానికేటీ కాలేదు. నా చేతుల పనే అయిపోనాది," అన్నారు.

ఆ వారమే పాలిటెక్నిక్‌కు ఉత్తరం రాసిచ్చేశారు. బ్లేళ్లూ ఆకురాళ్లూ పెట్టెలో పెట్టి తాళం వేశారు. నన్ను మాత్రం గోడకు తగిలించారు, స్నేహితుడి గుర్తు కదా. మంగళవారం వస్తే చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్లక్కర్లేదని గుర్తొచ్చి, వాకిట్లో కుర్చీలో కూర్చునేవారు. అలా పద్నాలుగు నెలలు. ఆ గోడ మీదనుంచి ఆయన్ని చూడటంకన్నా పొయ్యిలో కాలడం నయం అనిపించేది. మేకు ఊడి పడిపోతే బాగుండునని కోరుకున్నాను. వరహాలు కొట్టిన మేకు, ఊడదు.

ఒకరోజు వరహాలు వచ్చాడు. మాటల్లో విమానం ప్రస్తావన వచ్చింది. రవణమ్మ టీ ఇచ్చి, వెళ్లబోతూ ఆగింది.

"అన్నయ్యా, నాకీ విమానాల సంగతి తెల్దు గానీ ఒక్కమాట. జొరమొచ్చి చెయ్యి వణికినప్పుడు ముగ్గేస్తే గీత ఒకరోజు ఇటు పోద్ది, ఒకరోజు అటు పోద్ది. ఈయన రెండుసార్లు కట్టినా ఆ విమానం ఒక్కపక్కకే ఒరిగిపోనాది. వణికే చెయ్యి అంత లెక్కగా తప్పుద్దేటి?"

వరహాలు టీ గ్లాసు కింద పెట్టాడు. లేచి, నన్ను గోడ మీదనుంచి దింపి, జేబులోంచి స్కేలు తీశాడు. ఎడమ ముందు స్తంభానికి ఆనిస్తే సరిగ్గా తొమ్మిది అంగుళాలు. రెండోదానికి ఆనిస్తే తక్కువ. చేతిలో ఉన్న స్కేలు ఏదో అతనికి అప్పుడు గుర్తొచ్చింది. నాకు అతని మీద జాలి వేసింది, అంతకన్నా ఎక్కువగా నా మీద అసహ్యం వేసింది.

"బావా, తప్పు నాది. ఈ కర్రొకటి ఫౌండ్రీ స్కేలుతో కోసీసినాను. నీ చేతులు బాగానే ఉన్నాయి. పాడుచేసినోడిని నేను."

గౌరునాయుడు గారు మామూలు స్కేలు తెప్పించుకుని తనే కొలిచారు. ఒక్క నిమిషం పట్టింది.

"ఇలాగియ్యి, ఆ కర్ర తీసీసి కొత్తది ఏస్తాను," అన్నాడు వరహాలు.

"వొద్దు. ఉండనీ," అన్నారాయన.

అతను వెళ్లాక పెట్టె తాళం తీసి, బ్లేడు పట్టుకుని ఒక పక్కటెముక కోశారు. గీత తప్పింది. ఇంకోటి కోశారు, అదీ తప్పింది. పద్నాలుగు నెలలు చెయ్యి ఖాళీగా ఉన్నందుకో, నిజంగా వయసు మీద పడినందుకో ఆయనకు తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు కూడా. ఆ అనుమానం ఆయనకు ఇచ్చింది నేనే.

పాలిటెక్నిక్‌వాళ్లు ఆయన్ని మళ్లీ పిలిచారు. వెళుతున్నారు, నన్నూ తీసుకెళుతున్నారు. కొత్త జట్టు వచ్చినప్పుడల్లా నన్ను బల్ల మీద పెట్టి, వాడేముందు కొలిచి చూడమంటారు. పాఠమంతా నోటితోనే చెబుతారు. కోయడం, అతకడం వాళ్ల చేతే చేయిస్తారు. ఆయన చేతులు మాత్రం ప్యాంటు జేబుల్లో ఉంటాయి.

మొన్న హంసవేణి అని ఒకమ్మాయి నన్ను కొలిచి, ఆ స్తంభం ఎక్కువుందని ఇట్టే పట్టేసింది. "ఇంత మంచి జిగ్‌ని ఎవరు పాడుచేసినారు సార్?" అని అడిగింది.

"నేనేనమ్మా. కొలవడానికి మొగమాటపడినాను," అన్నారు.

వరహాలు పేరు ఎత్తలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. మొదట నా తప్పును తెలియక తన చేతుల మీద వేసుకున్నారు. ఇప్పుడు అన్నీ తెలిసి, మళ్లీ తన మీదే వేసుకుంటున్నారు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఈ పొడుగు స్తంభం ఫెళ్లున విరిగిపోతే బాగుండునని అనిపిస్తుంది. ప్రతి మంగళవారం అనిపిస్తుంది, ప్రతి శుక్రవారం అనిపిస్తుంది.