బస్సులో వినిపించే గొంతు

ఆ ఊళ్లో బస్సెక్కే ప్రతివాళ్లకీ ఆవిడ గొంతు తెలుసు. మనిషిని మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. కూరగాయల దుకాణంలో "టమాటాలు అరకిలో ఇవ్వండి" అంటే, దుకాణం మనిషి తలెత్తి, ఎక్కడో విన్నానే అన్నట్టు ఒక్క క్షణం చూసి, మళ్లీ తూకంలో పడిపోయేవాడు. నగరపాలక సంస్థలో ఆవిడది వార్తలు చదివే ఉద్యోగం. బడ్జెట్‌లో దేనికి ఎంత ఇచ్చారు, ఏ బస్సుని ఎక్కడిదాకా పొడిగించారు, సెలవుల్లో పిల్లలకి ఏం నేర్పబోతున్నారు, ఊరు ఏ పక్కకి పెరుగుతోంది, ఇలాంటివన్నీ ఏ రోజుకారోజు ఆవిడ చదివితే రికార్డు చేసి బస్సుల్లో వేసేవారు. ఆఫీసులో అందరూ ఆవిడని మైకమ్మ అనేవారు.

రికార్డింగు గది అంటే గొప్పగా ఊహించుకోనక్కర్లేదు. ఒకప్పుడు విరిగిన కుర్చీలు పడేసిన కొట్టు అది. బయటి చప్పుడు రాకుండా గోడలకి పాత దుప్పట్లు కొట్టారు. ఫ్యాను వేస్తే గరగరమంటుంది, ఆపితే గాలాడదు. తలుపు మూసుకుని ఆ దుప్పట్ల మధ్య కూచుంటే మైకమ్మకి నీళ్లలో మునిగినట్టుండేది. "చెరువు అవతలి కొత్త కాలనీకి వీధి దీపాలు" అని చదువుతుంటే, కళ్ల ముందు ఒక్కొక్క దీపమే మెల్లగా వెలిగేది. ఆ కాలనీని ఆవిడ ఎన్నడూ చూసింది లేదు. అయినా తను చదువుతుంటేనే ఊరు పెరుగుతోందేమో, మానేస్తే రోడ్డు సగంలోనే ఆగిపోతుందేమో అనిపించేది ఒక్కోసారి.

ఆ గదిలోంచి బయటికొస్తే మాట్లాడ్డానికి తనవాళ్లంటూ ఎవరూ లేరు. ఉన్నది ఒక్క అక్క. తల్లి పోయాక జడలేసి, అన్నం పెట్టి, తిట్టి, చదివించి పెంచింది ఆ అక్కే. అలాంటి అక్క ఏరికోరి ఒక సంబంధం కుదిర్చితే, చిట్టి (ఇంట్లో మైకమ్మని అలాగే పిలిచేవారు) అక్కతో ఒక్క మాటైనా అనకుండా, అవతలివాళ్లకే ఫోన్ చేసి వద్దని చెప్పేసింది. "నలుగురిలో నా పరువు తీశావు. ఇక జన్మలో నీ గొంతు నా చెవిన పడకూడదు" అని అక్క తలుపేసుకుంది. తర్వాత ఇల్లు మారింది. ఎక్కడికో చెప్పలేదు. చిట్టికీ పంతమే. అడగలేదు. ఏళ్లు గడిచిపోయాయి.

ఒకనాటి మధ్యాహ్నం, కొత్త కాలనీ దాకా పొడిగించిన బస్సు నడిపే డ్రైవరు ఆ గదికి వచ్చాడు.

"మీ వల్ల నాకు రోజూ గొడవేనండీ మైకమ్మగారూ" అన్నాడు కుర్చీ లాక్కుని.

"నేనేం చేశానయ్యా?"

"ఒకావిడ రోజూ పొద్దున్నే ఎక్కుతుంది. బస్సంతా ఖాళీగా ఉన్నా సరే, స్పీకరు కిందే కూచుంటుంది. ఎక్కడికమ్మా టికెట్టు అంటే, 'అటు చివరిదాకా, మళ్లీ ఇటు చివరిదాకా' అంటుంది. మీ వార్తలు మొదలయ్యాయంటే ఇక బస్సులో ఎవరూ కిక్కురుమనకూడదు. నన్నేమో సౌండు పెంచమంటుంది. కునికిపాట్లు పడేవాళ్లు నా మీదకి పోట్లాటకొస్తున్నారు."

మైకమ్మ నవ్వింది. "పోనీలే, వార్తలంటే అంత శ్రద్ధ ఉన్నవాళ్లు ఒక్కరైనా ఉన్నారు."

"శ్రద్ధా, పాడా! బడ్జెట్‌లో బస్సులకి ఏమిచ్చారమ్మా అని నిన్న నేనే అడిగాను. 'ఏమో, అదంతా ఎవరు విన్నారు' అంది."

మైకమ్మ నవ్వు ఆగిపోయింది. "ఎలా ఉంటుందావిడ?"

"పెద్దావిడే. చేతిసంచి పట్టీని మణికట్టుకి రెండు చుట్లు బిగించి చుట్టుకుంటుంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు."

చిన్నప్పుడు జనంలో తప్పిపోకుండా తన ఓణీ కొంగుని అక్క అచ్చం అలాగే చేతికి చుట్టుకునేది. మైకమ్మ ఏదో అనబోయింది. చివరికి, ఆ బస్సు పొద్దున ఎన్నింటికి వస్తుందో మాత్రం అడిగింది.

మర్నాడు పొద్దున ఊరంతా మంచు కమ్మేసింది. ఎదురుగా ఉన్న మేడలు కూడా కనబడటం లేదు. బస్సు దీపాలు ముందు పచ్చటి మరకల్లా తేలి, ఆ తర్వాత బస్సయ్యాయి. మైకమ్మ వెనక తలుపులోంచి ఎక్కింది. స్పీకరు కింద సీట్లో ఒక తల కనబడింది. జుట్టు ఎంత నెరిసిపోయిందో! ఆ వెనక సీట్లో చప్పుడు చెయ్యకుండా కూచుంది. బస్సు మంచులోకి ఈదుకుంటూ పోతోంది. కిటికీలోంచి చూస్తే అటు వీధి లేదు, ఇటు ఊరు లేదు.

ఇంతలో పైనుంచి తన గొంతే వచ్చింది. "చెరువు గట్టున యువజన కేంద్రం సిద్ధమైంది. పిల్లలకి ఈత, సంగీతం..."

ముందు సీట్లో ఆవిడ కాస్త వంగి, తనలో తను గొణుక్కుంది. "ముక్కు దిబ్బడ ఇంకా తగ్గలేదు దీనికి. ఆవిరి పట్టమని చెప్పే దిక్కు ఎవరున్నారు గనక!"

మైకమ్మ ముందు సీటు వైపు వంగింది. మెల్లగా అంది. "పట్టానక్కా. రాత్రే పట్టాను."

అక్క ఉలిక్కిపడలేదు. ఆ మాట కూడా స్పీకరులోంచే వచ్చిందనుకుందో ఏమో, తలెత్తి పైకి చూసింది. తర్వాత నెమ్మదిగా వెనక్కి తిరిగింది. పైన గొంతు మాత్రం మురుగు కాలవల సంగతి చెప్పుకుపోతోంది.

"చిక్కిపోయావేమే" అంది అక్క.

"నువ్వు నా గొంతు వినబడకూడదన్నావుగా?"

"అన్నాను. ఏ బస్సెక్కినా నువ్వే! ఎక్కడికని పారిపోను? మొదట్లో చెవులు మూసుకున్నాను. ఒకసారి మాత్రం వినక తప్పలేదు. అప్పుడు నీకు జ్వరం, నాకు తెలిసిపోయింది. ఆ రోజంతా మనసు మనసులో లేదు." అక్క సంచి పట్టీ విప్పి, మళ్లీ చుట్టుకుంది. "తగ్గిందా లేదా అని మర్నాడు మళ్లీ ఎక్కాను. ఆ తర్వాత అదే అలవాటైపోయింది."

"నీతో ముందే చెప్పాల్సిందక్కా. చెబితే ఒప్పించేస్తావని భయమేసింది."

"ఒప్పించేదాన్నే" అంది అక్క. "అందుకే చెప్పలేదు నువ్వు. నాకర్థమయ్యేసరికి ఇన్నాళ్లు పట్టింది. లే, ఇటొచ్చి కూచో" అంటూ పక్కకి జరిగింది.

చివరి స్టాపులో ఇద్దరూ దిగారు. మంచు పలచబడుతోంది. కొత్త కాలనీ మెల్లగా బయటపడింది. ఇళ్లింకా ఒకటీ అరా తప్ప లేవు, వీధులు మాత్రం ఉన్నాయి. పట్టపగలు కూడా ఆర్పడం మరిచిపోయిన దీపాలు గడ్డి మీద వరసగా వెలుగుతున్నాయి. మైకమ్మ నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయింది.

"ఎన్నిసార్లు చదివావో దీని గురించి, చూడనే లేదా?" అంది అక్క. "ఆ మొదటి ఇల్లే మాది. పద, టీ పెడతాను. అల్లం వేస్తాలే."

టీ తాగాక, అక్క దులిపి పరిచిన పక్క మీద కాసేపు నడుం వాలుద్దామని మైకమ్మ ఒరిగింది. తలలో వేళ్లు తిరుగుతుంటే కళ్లు వాటంతటవే మూతలు పడ్డాయి. బయట ఏదో బస్సు వెళ్లింది. ఎవరో ఆడమనిషి దూరంగా ఊరి సంగతులు చెబుతోంది, హాయిగా ఉంది ఆ గొంతు అనుకుంటూ నిద్రలోకి జారిపోయింది.

మైకమ్మ సంచిలో ఫోను మోగింది. ఆఫీసు నుంచి. ఈ రోజు వార్తలు చదవడానికి మైకమ్మ ఇంకా రాలేదేమని.

అక్క గొంతు తగ్గించి, "పడుకుందండీ, లేపను" అని పెట్టేసింది.